ఏసీ వాడు కాదండీ, ఇంజనీరు!

మన ఐటీ జనాలకి ఆఫీసు బిల్డింగుతో ఉండే సంబంధం మూడు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. చలేస్తే ఫెసిలిటీస్ వాళ్ళకి ఓ టికెట్, ఉక్కపోస్తే ఇంకో టికెట్, ఫైర్ డ్రిల్ పెడితే "సరిగ్గా స్టాండప్ టైముకే పెట్టాలా" అని ఓ సణుగుడు. అంతే. ఆ టికెట్టుకి అవతలి వైపు ఒక ఇంజనీరింగ్ శాఖ మొత్తం ఉందని, దానికో చదువు, లెక్కలు, కోడ్ పుస్తకాలు ఉన్నాయని, ఆ లెక్క తప్పితే మనుషులు పోతారని మనలో ఎంతమందికి తెలుసు? ఈ టపా ఆ శాఖ గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ శాఖ వాళ్ళకి మన దేశంలో ఇవ్వాల్సింది ఒకటి ఇవ్వలేదు, దాని గురించి.

ఇంగ్లండులో వీళ్ళని బిల్డింగ్ సర్వీసెస్ ఇంజనీర్లు అంటారు. మన దగ్గరా, గల్ఫులోనూ ఎంఈపీ అంటారు. అంటే మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్. సామాన్య జనం మాత్రం "ఏసీ వాడు", "కరెంటాయన", "ప్లంబరు" అంటారు. మెహదీపట్నం, టోలీచౌకి వైపు వెళ్ళినవాళ్ళకి ఎంఈపీ, హెచ్‌వీఏసీ కోర్సుల బోర్డులు కనబడే ఉంటాయి. అక్కడ కోర్సు చేసి దుబాయో దోహానో విమానమెక్కిన మెకానికల్ కుర్రాళ్ళు మీ బ్యాచ్‌లో కూడా ఒకళ్ళిద్దరు ఉండే ఉంటారు. గుర్తు తెచ్చుకోండి.

ఆర్కిటెక్టు బొమ్మ గీస్తాడు. స్ట్రక్చరల్ ఇంజనీరు దాన్ని నిలబెడతాడు. ఈ రెండూ అయ్యాక కూడా అది బిల్డింగు కాదు, గోదాము. అందులో మనిషి ఊపిరి పీల్చడానికి, నీళ్ళు పైకెక్కడానికి, మురుగు కిందికి దిగడానికి, లైట్లు వెలగడానికి, లిఫ్టు కదలడానికి, మంట పుడితే మనిషి బతికి బయట పడటానికి కావల్సిందంతా ఈ మూడో ఇంజనీరే లెక్క కట్టాలి. వచ్చిన చిక్కల్లా, ఆయన చేసిన పని ఫాల్స్ సీలింగ్ పైన, షాఫ్టుల్లో, సెల్లార్‌లో దాక్కుని ఉంటుంది. బాగా చేస్తే ఎవరికీ కనపడదు. పాడైతేనే గుర్తొస్తాడు. ఈ బాధ సిస్టమ్ అడ్మిన్లకి తెలుసు :-)

ఇంతకీ ఆ లెక్కలేమిటో ఒకటి రెండు చెప్తాను, బోరు కొట్టించను.

కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషి కూడా 100 వాట్ల పైచిలుకు వేడి వదుల్తాడు. అంటే మన చిన్నప్పటి ఫిలమెంటు బల్బు ఒకటి నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నట్టే. పదిమంది కోసం డిజైన్ చేసిన మీటింగు రూములో ఇరవై మందిమి దూరి, ఇరవై లాప్‌టాప్‌లు తెరిచి, "ఈ ఏసీ పని చెయ్యట్లేదు" అని టికెట్ పెడితే, పాపం ఆ ఏసీ తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఏసీని టన్నుల్లో ఎందుకు కొలుస్తారో తెలుసా? ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పడుతుందో ఆ రేటు అన్న మాట. అది దాదాపు 3.5 కిలోవాట్లు. మన టవర్లలాంటి పెద్ద బిల్డింగుల్లో సెల్లార్‌లోనో టెర్రస్ మీదో చిల్లర్ ఉంటుంది. అది నీళ్ళని సుమారు 7 డిగ్రీలకి చల్లబరిచి అంతస్తులన్నిటికీ పంపిస్తుంది. ఆ నీళ్ళు మన వేడి మోసుకుని 12 డిగ్రీలకి వెనక్కొస్తాయి. ఆ వేడిని టెర్రస్ మీది కూలింగ్ టవర్ ఆకాశంలోకి వదుల్తుంది.

చల్లదనం ఒక్కటే సరిపోదు. గాలి కూడా మారాలి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడు ఇప్పుడు 420 పీపీఎం పైన ఉంది. తలుపులేసిన గదిలో జనం ఊపిరి వదుల్తుంటే అది చూస్తుండగానే వెయ్యి దాటేస్తుంది. బయటి గాలి లోపలికి ఎంత రావాలి అనేది ఆ ఇంజనీరు తలకింత, చదరపు అడుగుకింత అని లెక్క కట్టి పెడతాడు. కరెంటు బిల్లు తగ్గించాలని తర్వాతెవరో ఆ డాంపర్ మూసేస్తారు. మధ్యాహ్నం రెండున్నరకి టౌన్ హాల్‌లో మీకొచ్చే నిద్రకి వైస్ ప్రెసిడెంటు గారి స్లైడ్లదే పూర్తి బాధ్యత అనుకోకండి, కొంత ఆ డాంపర్‌ది కూడా.

ఇక్కడో పిడకల వేట. ఏసీ పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు, కాగితం సుఖం కోసం. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం ఉబ్బి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ళ ఇంజనీరు గాలిలో తేమని అదుపు చేసే యంత్రం డిజైన్ చేశాడు. మనుషులకి ఆ సుఖం తర్వాత దక్కింది. అంటే మన వయసులో ఆయన ఓ కొత్త శాఖకే దారి వేశాడు. మనం ఈ వయసులో జిరా టికెట్లు మూసుకుంటున్నాం. సరే, అసలు విషయానికొద్దాం.

ఈ పనికీ మన పనికీ చాలా పోలికలున్నాయి. ఫాల్స్ సీలింగ్ పైన ఉండేది మహా అయితే రెండు మూడు అడుగుల చోటు. అందులోనే ఏసీ డక్టు, కేబుల్ ట్రే, స్ప్రింక్లర్ పైపు, పై అంతస్తు బాత్రూము తాలూకు డ్రైనేజీ, మధ్యలో అడ్డంగా బీము. డ్రైనేజీ పైపుకి వాలు తప్పనిసరిగా ఉండాలి, అది పైకీ కిందికీ వంకర్లు తిరగలేదు. కాబట్టి దానికి దారి ఇచ్చి మిగతావి జరగాలి. దీనికి వాళ్ళు రెవిట్‌లో మోడల్ చేసి, నావిస్‌వర్క్స్‌లో వేసి, ఏది దేనికి తగుల్తోందో చూస్తారు. క్లాష్ డిటెక్షన్ అంటారు. మన మర్జ్ కాన్‌ఫ్లిక్ట్ లాంటిదే. ఇంగ్లండు, అమెరికా, గల్ఫు బిల్డింగులకి ఈ పని చేసి పెట్టే ఆఫీసులు హైదరాబాదులోనే బోల్డున్నాయి.

పోలిక అక్కడితో సరి. మనకి రోల్‌బ్యాక్ ఉంది, వాళ్ళకి లేదు. పైపు వెళ్ళడానికి స్లాబులో రంధ్రం కావాలంటే కాంక్రీటు పోయకముందే స్లీవ్ పెట్టించాలి. మర్చిపోతే తర్వాత కోర్ కటింగ్ మిషన్ తెచ్చి కొయ్యాలి. అది పోస్ట్ టెన్షన్ స్లాబ్ అయిందనుకోండి, లోపల బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి. చూసుకోకుండా కోస్తే స్లాబు బలమే దెబ్బ తింటుంది. శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ చెయ్యడానికి మనం భయపడతాం. వాళ్ళకి ప్రతి స్లాబూ శుక్రవారం సాయంత్రమే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సుఖం, ఖర్చు గొడవలు. ప్రాణాల గొడవ వేరే ఉంది.

2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఓ బిల్డింగు కింది భాగంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన రూబీ లాడ్జి. మంట కింద పుట్టింది. పొగ మెట్ల దారిన పైకి పోయింది. 8 మంది పోయారు. 2023 మార్చిలో అదే సికింద్రాబాదులో స్వప్నలోక్ కాంప్లెక్స్. ఆరుగురు పోయారు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు, ఉద్యోగాల కోసం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. ఒంటికి మంట తగిలి కాదు, పొగకి ఊపిరాడక. ఒక్కసారి ఆలోచించండి. వాళ్ళకీ మనకీ తేడా ఏముంది? వాళ్ళూ మనలాగే పై అంతస్తులో కూర్చుని పని చేసుకుంటున్నవాళ్ళే.

అగ్ని ప్రమాదం అనగానే మనకి మంటే కనపడుతుంది. ఎక్కువ మందిని చంపేది పొగ. పొగకి పైకెక్కడం ఇష్టం, దానికి మెట్ల దారి, లిఫ్టు గొయ్యి, కేబుళ్ళ షాఫ్టు అన్నీ పొగగొట్టాలే. కాబట్టి బిల్డింగ్ సర్వీసెస్ ఇంజనీరు చెయ్యాల్సిన అతి ముఖ్యమైన పనుల్లో ఒకటి, మనం దిగే మెట్ల దారిలోకి పొగ రాకుండా చూడటం.

ఎలా చేస్తారంటే, మెట్లు ఎత్తైన బిల్డింగులో నాలుగు గోడల మధ్య మూసి ఉన్నాయనుకోండి. మంట అలారం మోగగానే ఓ పెద్ద ఫ్యాను బయటి గాలిని మెట్ల గదిలోకి తోస్తుంది. లోపల ఒత్తిడి బయటి కన్నా సుమారు 50 పాస్కల్స్ ఎక్కువ ఉంటుంది. అంటే ఎంత? ఓ అయిదు మిల్లీమీటర్ల ఎత్తు నీళ్ళ బరువంత. అంతే! ఆ కాస్త ఒత్తిడికే గాలి తలుపు సందుల్లోంచి బయటికి పోతుంటుంది తప్ప పొగ లోపలికి రాలేదు. వినడానికి తేలిగ్గా ఉంది కదా? ఇప్పుడు రెండు చదరపు మీటర్ల తలుపు తీసుకోండి. దాని మీద 50 పాస్కల్స్ అంటే 100 న్యూటన్లు, దగ్గర దగ్గర పది కిలోల బరువు. ఒత్తిడి ఇంకాస్త పెరిగితే ఓ ముసలావిడ ఆ తలుపు తొయ్యలేదు. తగ్గితే పొగ లోపలికొచ్చేస్తుంది. పైగా మనుషులు దిగేటప్పుడు మూడు నాలుగు అంతస్తుల తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయి, ఒత్తిడి ఠక్కున పడిపోతుంది. అప్పటికి కూడా సరిపోయేంత గాలి లెక్క కట్టాలి, అన్నీ మూసుకున్నప్పుడు ఎక్కువైన గాలి పోవడానికి ఇంకో దారి పెట్టాలి. మెయిన్ కరెంటు తీసేసినా ఆ ఫ్యాను జనరేటర్ మీద తిరగాలి. దానికెళ్ళే కేబులు మంటల్లోనూ కాసేపు తట్టుకోవాలి. ఇన్ని జరిగితేనే ఆ ముసలావిడ కింది దాకా దిగుతుంది.

ఇప్పుడు నా క్లాస్‌మేట్ సంగతి చెప్తాను. ఇద్దరం మెకానికల్ ఒకే బెంచీ. నేను సాఫ్టువేరుకొచ్చాను, వాడు రెండేళ్ళు గల్ఫులో సైటులో ఎండి, తిరిగొచ్చి హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీలో డిజైన్ ఇంజనీరుగా చేరాడు. జీతం నా దాంట్లో సగం లేదు. ఇరవై అంతస్తులు దాటిన ఓ అపార్ట్‌మెంటుకి మెట్ల గది గాలి లెక్క వాడిది. గాలి వెళ్ళే షాఫ్టుకి ఇంత చోటు కావాలని డ్రాయింగ్ ఇచ్చాడు. కొన్నాళ్ళకి అమ్మకాల వాళ్ళు వచ్చి, బెడ్రూములో వార్డ్‌రోబ్ సరిపోవట్లేదు, షాఫ్టులో సగం ఇచ్చెయ్యమన్నారు. షాఫ్టు సగమైతే గాలి వేగం రెట్టింపు అవుతుంది. వేగం రెట్టింపైతే ఆ దారిలో ఒత్తిడి నష్టం నాలుగింతలవుతుంది. అప్పుడు ఫ్యాను పెద్దది కావాలి, మోటారు పెద్దది కావాలి, కేబులు, జనరేటర్ మీద లోడు అన్నీ మారాలి. బీఓక్యూలో ఫ్యాను మాత్రం పాతదే ఉంది. "అలా కుదర్దు" అని లెక్కతో సహా మెయిల్ పెట్టాడు. "నోటెడ్" అని జవాబొచ్చింది. పది రోజుల తర్వాత మా వాణ్ణి వేరే ప్రాజెక్టుకి మార్చారు. దీనికి వాళ్ళ భాషలో ఓ అందమైన పేరుంది, వాల్యూ ఇంజనీరింగ్. ఖర్చు తగ్గించడం తప్పని నేనట్లేదు. పాలరాయి తగ్గించండి, లాబీలో ఫౌంటెన్ తగ్గించండి. కానీ కత్తెర ఎప్పుడూ కనపడని చోటే పడుతుంది. కొనేవాడికి వార్డ్‌రోబ్ కనపడుతుంది, షాఫ్టు కనపడదు మరి.

"ఆ డ్రాయింగ్ మీద నీ పేరుందా?" అని అడిగాను. లేదుట. మూల మీద బిల్డరు లోగో, ఆర్కిటెక్టు పేరు, కన్సల్టెన్సీ లోగో. "చెక్డ్ బై" అన్నచోట రెండక్షరాల పొడి ఇనిషియల్స్. అంతే. వాడు వద్దన్నాడని రేపు ఆ ఫ్లాట్‌లో ఉండబోయేవాళ్ళకి తెలిసే దారి లేదు. వాడు వద్దన్నా ఆపే అధికారం లేదు. నేను రాసిన ఓ మామూలు యూఐ బటన్ మార్పుకి ఇద్దరు రివ్యూయర్లు ఆమోదించందే మెయిన్ బ్రాంచిలోకి వెళ్ళదు. ఎవరు మార్చారో, ఎవరు సరేనన్నారో పదేళ్ళ తర్వాతైనా చూడొచ్చు. వందల కుటుంబాలుండే బిల్డింగులో ప్రాణాలు కాపాడే షాఫ్టుని సగం చేస్తే ఆ సౌకర్యం లేదు!

నేను మొదట్లో "ఇవ్వాల్సింది ఇవ్వలేదు" అన్నది ఇదే. సంతకం. ఇంకా చెప్పాలంటే, "కాదు" అనగలిగే సంతకం.

మన దేశంలో డాక్టరుకి రిజిస్ట్రేషన్ ఉంది, లాయరుకి బార్ కౌన్సిల్ ఉంది, లెక్కలాయనకి సీఏ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆర్కిటెక్టుకి 1972 నాటి ఆర్కిటెక్ట్స్ యాక్టు ఉంది. ఇంజనీర్లకి అలాంటి కేంద్ర చట్టం లేదు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లకి, సూపర్‌వైజర్లకి లైసెన్సులున్నాయి, మున్సిపాలిటీలు స్ట్రక్చరల్ ఇంజనీర్లకి ఇచ్చేవి ఉన్నాయి. మొత్తం బిల్డింగు సర్వీసుల డిజైనుకి ఫలానా మనిషి బాధ్యుడు అని చెప్పేది లేదు. 2016 నాటి రెరా చట్టాన్నే చూడండి. ప్రాజెక్టు రిజిస్టర్ చేసేటప్పుడు బిల్డరు ఎవరెవరి పేర్లివ్వాలో అందులో రాశారు. కాంట్రాక్టర్లు, ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు, "ఇంకా సంబంధించిన ఇతరులు". మా వాడు ఆ "ఇతరులు"లో ఉన్నాడన్న మాట! నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో అగ్ని భద్రతకి ఒక భాగం, బిల్డింగ్ సర్వీసులకి ఒక భాగం, ప్లంబింగుకి ఒక భాగం ఉన్నాయి. 15 మీటర్లు దాటితే హైరైజ్ అంటుంది, ఎన్నో మంచి సంగతులు చెప్తుంది. అయితే అది తనంత తానుగా చట్టం కాదు. రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి ఎంత తీసుకుంటే అంత. పుస్తకం బాగానే ఉంది, దాన్ని పట్టుకుని నిలబడే మనిషికే బలం లేదు.

వేరే చోట్ల ఎలా ఉంది? అమెరికాలో ప్రొఫెషనల్ ఇంజనీరు అని రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉంటుంది, డ్రాయింగు మీద ఆయన సీలు పడాలి. ఇంగ్లండులో 1897లో మొదలైన హీటింగ్, వెంటిలేషన్ ఇంజనీర్ల సంఘానికి 1976లో రాయల్ చార్టర్ వచ్చింది, దాన్నే ఇప్పుడు సిబ్సీ అంటారు. అక్కడ ఇంజనీరు అని ఎవరైనా చెప్పుకోవచ్చు గానీ చార్టర్డ్ ఇంజనీరు అని చెప్పుకోలేరు. అంతటి ఇంగ్లండులో కూడా 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది పోయారు. అంటే బిరుదులొక్కటే చాలవు. ఆ తర్వాత వాళ్ళు 2022లో బిల్డింగ్ సేఫ్టీ యాక్టు తెచ్చారు. దాని ప్రకారం 18 మీటర్లు లేదా ఏడంతస్తులు ఆ పైన ఉండే నివాస భవనాలకి, డిజైన్ చూసి రెగ్యులేటర్ ఒప్పుకోందే పని మొదలెట్టకూడదు. పూర్తయ్యాక మళ్ళీ ఒప్పుకోందే జనాన్ని లోపలికి పంపకూడదు. డిజైనుకి బాధ్యులెవరో పేరుతో సహా ఉండాలి. ఏ మార్పు ఎందుకు చేశారో డిజిటల్‌గా దాచాలి, దాన్ని వాళ్ళు బంగారు దారం అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే ప్రొటెక్టెడ్ బ్రాంచి, తప్పనిసరి అప్రూవల్, పూర్తి కమిట్ హిస్టరీ. దీనివల్ల అనుమతులు ఆలస్యమవుతున్నాయని అక్కడి బిల్డర్లు గొడవ పెడుతున్నారు. పెట్టనివ్వండి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు, కనీసం పట్టుకున్నారు.

ఇక్కడ మీలో కొందరికి వచ్చే అనుమానాలు నాకూ వచ్చాయి.

మొదటిది, "మన దేశంలో లైసెన్సు అంటే ఇంకో లంచం, ఇంకో రబ్బరు స్టాంపు. సంతకాలు అద్దెకిచ్చే పెద్దమనుషులు పుట్టుకొస్తారు." నిజమే, వస్తారు. అందుకే సంతకం ఒక్కటే చాలదు, ఆ సంతకం చేసిన మనిషి పేరు, ఆయన ఇచ్చిన లెక్క, తర్వాత జరిగిన మార్పులు అన్నీ కొన్నవాళ్ళు చూడగలిగేలా రెరా సైటులో పెట్టాలి. దొంగ సంతకానికి చీకటి కావాలి. ఒకే మనిషి ఏడాదికి మూడొందల టవర్లకి సంతకం చేశాడని అందరికీ కనపడితే ఆ వ్యాపారం అంత తేలిగ్గా సాగదు.

రెండోది, "మన సాఫ్టువేరు వాళ్ళకి మాత్రం లైసెన్సు ఉందా?" లేదు. కానీ ప్రాణాలతో పని ఉన్నచోట సాఫ్టువేరుకి కూడా కట్టడి ఉంది. విమానంలో నడిచే కోడుకి డీవో-178సీ అనే ప్రమాణముంది, ఏ అవసరానికి ఏ లైను రాశారో, దాన్ని ఎలా పరీక్షించారో చూపించాలి. ఫుడ్ డెలివరీ యాప్‌కి అది అక్కర్లేదు. మెట్ల గది ఫ్యాను ఫుడ్ డెలివరీ యాప్ లాంటిదా, విమానం లాంటిదా? మీరే చెప్పండి.

మూడోది, "ఖర్చు పెరుగుతుంది." పెరుగుతుంది. కోటి రూపాయల ఫ్లాట్‌లో ఇటాలియన్ మార్బుల్‌కి ఇచ్చేదాంట్లో చిన్న ముక్క. నేనైతే ఇస్తాను.

చట్టాలు మన చేతిలో లేవు, సరే. కానీ మనం కొనేవాళ్ళం. గచ్చిబౌలి, కొండాపూర్, నల్లగండ్ల, కోకాపేటల్లో లేస్తున్న టవర్లలో ఎంత భాగం మన ఈఎంఐల మీద లేస్తున్నాయో మనకి తెలుసు. సైట్ విజిట్‌కి వెళ్ళి క్లబ్ హౌస్ ఎంత, స్విమ్మింగ్ పూల్ ఎన్ని మీటర్లు, వాస్తు ఎలా ఉంది అని అడుగుతాం కదా. వాటితోపాటు ఇవి కూడా అడగండి.

1. ఎంఈపీ డిజైన్ చేసిందెవరు? కంపెనీ పేరు కాదు, ఇంజనీరు పేరు.

2. మెట్ల గదికి గాలి తోసే ఫ్యాను ఉందా? అది జనరేటర్ మీద ఉందా? తలుపులు తెరిచి ఒత్తిడి కొలిచిన రిపోర్టు చూపిస్తారా?

3. కేబుళ్ళ షాఫ్టు ప్రతి అంతస్తు దగ్గరా మంట దాటకుండా మూశారా? కొత్తగా ఇంటర్నెట్ వైరు లాగినప్పుడల్లా పెట్టే రంధ్రాలు మళ్ళీ ఎవరు మూస్తారు?

4. ఫైర్ పంపు ఆటోలో ఉందా, మాన్యువల్‌లో పెట్టేశారా? ఇది ఇప్పటికే ఉంటున్న అపార్ట్‌మెంటులో కూడా వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి చూడొచ్చు. అయిదు నిమిషాల పని.

5. సెల్లార్‌లో ఎలక్ట్రిక్ బళ్ళ చార్జింగుకి లోడు లెక్క కట్టిందెవరు? లేక ఎవరికి వాళ్ళు ఫ్లాట్ మీటరు నుంచి వైరు లాక్కుంటున్నారా?

ఇంకో సంగతి. రెరా ప్రకారం ఫ్లాట్ చేతికిచ్చిన అయిదేళ్ళలోపు కట్టడంలో లోపమే కాదు, సర్వీసుల్లో లోపం బయటపడినా బిల్డరు సొంత ఖర్చుతో బాగు చెయ్యాలి. డ్రాయింగులు, పత్రాలు అసోసియేషన్‌కి అప్పజెప్పాలి. మీ అసోసియేషన్ దగ్గర నిజంగా కట్టినట్టు ఉన్న డ్రాయింగులు, అంటే యాజ్ బిల్ట్ సెట్ ఉందా? వచ్చే మీటింగులో వినాయక చవితి చందాల చర్చ అయ్యాక ఒక్కసారి అడిగి చూడండి. మనలో చాలామందిమి డాక్యుమెంటేషన్ లేని కోడ్‌బేస్ చేతికొస్తే గగ్గోలు పెడతాం. డాక్యుమెంటేషన్ లేని బిల్డింగులో పిల్లల్ని పడుకోబెడుతున్నాం.

అన్నట్టు మా వాడు పోయిన నెల రిఫరల్ అడిగాడు. ఏదో టెస్టింగ్ ఆటొమేషన్ కోర్సు చేశాట్ట. ఇచ్చాను. "నువ్వు దేశానికి అవసరంరా, అక్కడే ఉండు" అని ఏసీలో కూర్చుని నేను చెప్తే బావుండదు. వాడికీ ఇల్లుంది, చెల్లెలి పెళ్ళి ఉంది. రావచ్చు, నిలదొక్కుకుంటాడు కూడా, లెక్కలు బాగా వచ్చినవాడు. కానీ వాడొస్తే మనకి ఇంకో టెస్టర్ దొరుకుతాడు, అక్కడ "అలా కుదర్దు" అని లెక్కతో సహా మెయిల్ పెట్టే మనిషి ఒకడు తగ్గుతాడు. వాడి కుర్చీలో కూర్చోబోయేవాడికి ఈ కథ ముందే తెలిసి ఉంటుంది, కాబట్టి వాడు మెయిల్ కూడా పెట్టడు. నాకు భయం వేసేది అక్కడే.

ఈసారి ఫైర్ డ్రిల్‌కి మెట్లు దిగేటప్పుడు ఫోను జేబులో పెట్టి ఆ తలుపు ఒకసారి జాగ్రత్తగా తోసి చూడండి. కాస్త బరువుగా ఉండి, సందులోంచి గాలి చేతికి తగుల్తుంటే ఎవరో ఒక ఇంజనీరు మాట నెగ్గిందని అర్థం. ఏ బరువూ లేకుండా తెరుచుకుని, గాలీ తగలకపోతే మాత్రం కిందకెళ్ళి సెల్ఫీ తీసుకోకుండా, వెంటనే ఓ టికెట్ పెట్టండి. ఆ టికెట్ మూసేసేముందు కారణం అడగండి.

ఏమంటారు? మీలో ఎంఈపీ నుంచి ఇటొచ్చినవాళ్ళు, ఇంకా అటే ఉన్నవాళ్ళు ఉంటే మీ అనుభవం చెప్పండి. నేను రాసిన లెక్కలో తేడా ఉంటే మొహమాటం లేకుండా దిద్దండి.